నూటనలభై గుప్పిళ్ల పసుపు

గోరింటపూడి మలుపు దగ్గర బస్సు కండక్టరు ఊరి పేరు కేకెయ్యాల్సిన పని ఉండేది కాదు. నిద్రపోతున్నవాళ్లు కూడా ముక్కు మూసుకుని లేచి కూర్చునేవారు. పెద్దాపురం అవతల ఉన్న ఆ ఊరికి సగ్గుబియ్యం మిల్లు అన్నం పెట్టింది, అన్నంతోపాటు ఆ కంపూ పెట్టింది. కర్రపెండలం దుంపలు కడిగి, తొక్క తీసి, రుబ్బి, పాలు పిండి, పిప్పి తీసేసి, ఆ పాలు తొట్లలో పోస్తారు. పిండి అడుక్కి చేరాక పైన తేరిన నీళ్లు వదిలేస్తారు. రోజుకి మూడు లక్షల లీటర్లు. ఆ నీళ్లు కాలవలో పడి, రెండోరోజుకి పులిసి, నాలుగోరోజుకి కుళ్లి, ఏ తొందరా లేకుండా ఊరి మధ్యనుంచి సాగిపోయేవి.

ముప్పైఎనిమిదేళ్లు ఓర్చుకున్నాక ఊరు అర్జీ పెట్టింది. సంతకాలు చేసినవాళ్లలో సగంమంది ఇళ్లనుంచి ఎవరో ఒకరు మిల్లు పనికి వెళ్తున్నవాళ్లే. వాళ్లని తప్పుపట్టి లాభం లేదు. ఆ కంపులో పిల్లల్ని పెంచిచూస్తే ఎవరైనా సంతకం చేస్తారు. అధికారులు వచ్చి చూసి ఏడాదిన్నర గడువిచ్చారు. ఆ గడువు తీరేనాటికి, మూడు రోజులపాటు తమ కళ్లముందు, మిల్లు వదిలే నీళ్లు శుభ్రంగా బయటికి రావాలి. రాకపోతే నాలుగోరోజు గేటుకి సీలు వేస్తారు. మిల్లులో నూటనలభైమంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. వాళ్లకి వేరే పని తెలీదు, ఆ చుట్టుపక్కల వేరే పని లేదు కూడా.

మిల్లు యజమాని జోగిరాజు గారు ఎక్కని గుమ్మం లేదు. ఆఖరికి ఒక యూనివర్సిటీ ప్రయోగశాలలో డాక్టర్ హైమవతి దొరికింది. తెనాలి మనిషి, ముప్పైఅయిదేళ్లు, భోజనం సంగతి ఎవరైనా గుర్తుచేస్తేగానీ గుర్తురాదు.

"మీ మురుగు నాకు ఇవ్వండి. నీళ్లు శుభ్రం చెయ్యడమే కాదు, అందులోంచి హైడ్రోజన్ తీసిస్తాను. ఆ మంటమీదే మీరు సగ్గుబియ్యం వేయించుకోండి," అంది ఆవిడ.

జోగిరాజు గారికి సగమే అర్థమైంది. ఆ సగానికే ఆయన ఒప్పేసుకున్నారు.

*

మిల్లు వెనక ఖాళీస్థలంలో ఆరు గాజు గొట్టాలు లేచాయి. ఒక్కోటీ రెండంతస్తుల ఎత్తు, ఇద్దరు చేతులు కలిపితేగానీ అందనంత లావు. వాటి పక్కన గ్యాసు నిలవచేసే నల్లటి రబ్బరు సంచి, పెళ్లిపందిరంత ఉంటుంది. హైమవతి వాటిని బయోరియాక్టర్లు అనేది. మిల్లు ఆడవాళ్లు గాజు గొట్టాలనే అన్నారు, ఆవిడ కూడా నెలతిరక్కుండా అదే మాటకి వచ్చేసింది.

ఆ గొట్టాల్లో రెండు జాతుల బాక్టీరియాలు కాపురం ఉంటాయి. కింద చీకట్లో ఉండేవి తెల్లవి. పిండినీళ్లు తాగి కొంత హైడ్రోజన్ వదులుతాయి, వెనకాల పులుపు మిగులుస్తాయి. పైన వెలుతుర్లో ఉండేవి ఊదారంగువి. ఆ పులుపు తాగి, ఎండ తిని, మిగిలిన హైడ్రోజన్ కూడా పిండేస్తాయి. చివరికి మిగిలేది నీళ్లు. ఈ రెండింటినీ విడివిడి తొట్లలో పెంచడం అందరికీ తెలుసు. ఒకే గొట్టంలో ఒకదాని నెత్తిన ఒకటి బతికేలా చెయ్యడం హైమవతికే సాధ్యమైంది, అందుకు ఆవిడకి తొమ్మిదేళ్లు పట్టింది. అయితే ప్రయోగశాల సీసాలో బుద్ధిగా ఉన్న ఆ జంట గోరింటపూడి ఎండలో, గోరింటపూడి మురుగులో, వారానికోసారి కొట్టుకు చచ్చేది. చచ్చాక గానీ మీటర్లు ఆ సంగతి చెప్పేవి కావు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున్న నూకరత్నం పిప్పిగంపతో అటుగా వెళ్తూ ఆగింది. నూకరత్నానికి నలభైఆరేళ్లు. అందులో ఇరవైఆరేళ్లు పిండితొట్ల దగ్గరే గడిచాయి. ఏ తొట్టి ఎప్పుడు తియ్యాలో, ఏది పులుపెక్కుతోందో మూత తియ్యకుండానే చెప్పగలిగిన మనిషి.

"డాక్టరమ్మ గారూ, ఈ మూడోది రేపటికి పోద్దండి," అంది.

హైమవతి మీటరు చూసింది. అంతా సవ్యంగానే ఉంది. "ఎవరు చెప్పారమ్మా?"

"ఒకళ్లు చెప్పేదేంటండీ. పాలిరిగిన కంపొత్తంది కదండీ. మిగతా అయిదూ నానేసిన పప్పు వాసనొత్తన్నాయి. అవి బానే ఉంటాయండి."

హైమవతి ముక్కెగబీల్చి చూసింది. ఆవిడకి అన్నీ ఒకటే కంపు. మర్నాడు మధ్యాహ్నానికి మూడో గొట్టం చచ్చింది. హైమవతి తొట్లషెడ్డులోకి పరిగెత్తుకొచ్చి, క్యారేజీ విప్పుకుని అన్నం తింటున్న నూకరత్నం ఎదురుగా నేలమీద కూలబడి, "మీరు రేపట్నుంచి నా దగ్గరికి వచ్చెయ్యాలి," అంది.

"వత్తానండి. ముందు అన్నం తిన్నారా మీరు?"

తినలేదు. నూకరత్నం తన క్యారేజీలోంచి సగం తీసి మూతలో పెట్టింది.

*

అలా పధ్నాలుగు నెలలు గడిచాయి. పొద్దున ఏడింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి నూకరత్నం నిచ్చెనెక్కేది, ఒక్కో గొట్టం పైమూత తీసి, మొహం లోపలికి పెట్టి వాసన చూసి చెప్పేది. "అత్త గట్టిగా ఉంది, కోడలు డీలా పడింది," అనేది. కింది జాతి అత్త, పై జాతి కోడలు. హైమవతి దాన్నిబట్టి పిండినీళ్లు తగ్గించేది, లేదా ఎండకి అడ్డం పెట్టిన పరదా తీసేది. ఆరు గంటల తర్వాత మీటరు చెప్పబోయే సంగతి ఆ ముక్కు ముందే చెప్పేది. మూడో వంతు మురుగుతో మొదలుపెట్టి, ఉగాదినాటికి మిల్లు మురుగంతా గొట్టాలే తాగేసే స్థితికి వచ్చాయి. నల్ల సంచి నిండుగా ఉబ్బి ఉండేది. సగ్గుబియ్యం వేయించే పదహారు పెనాల్లో మొదట పన్నెండు, తర్వాత అన్నీ ఆ గ్యాసుమీదే వేడెక్కేవి.

చదువుకున్నవాళ్లు కాగితం, పెన్ను పట్టుకుని తన మాటకోసం ఎదురుచూడటం నూకరత్నానికి జన్మలో అదే మొదలు. ఎంత సంతోషంగా ఉండేదో ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గుపడేది.

గొట్టాల్లోకి అప్పుడప్పుడూ మూడో జాతి ఒకటి దూరేది. అది దూరితే కుళ్లిన గుడ్ల కంపు. ఆ గాలి విషం. దానికోసమే హైమవతి ముక్కుకి కట్టుకునే తొడుగు తెప్పించింది. తొడుగు కట్టుకుంటే విషం రాదు, వాసనా రాదు. వాసన చూడ్డానికే కదా నిచ్చెనెక్కడం! నూకరత్నం రెండుసార్లు కట్టుకుని, మూడోసారి పెట్టెలో పడేసింది. హైమవతి అది చూసింది. చూసి, రెండురోజులు ఏదో అనబోయి, మూడోరోజు ఊరుకుంది. గడువు దగ్గరపడుతోంది, ముక్కేమో ఒక్కటే ఉంది.

*

జ్యేష్ఠమాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం నూకరత్నం ఎండు మెత్తళ్ల చేపలు వేయిస్తోంది. మెత్తళ్లు వేయిస్తే ఆ ఇంట్లోనే కాదు, మూడిళ్ల అవతల కూడా తెలుస్తుంది. ఆమె మొగుడు సూరిబాబుకి వీధి చివర సైకిల్ షాపు. అక్కణ్ణుంచి కేకలేసుకుంటూ వచ్చాడు.

"ఏంటే, మెత్తళ్లు బొగ్గయిపోతంటే ఏం చూత్తన్నావే?"

నూకరత్నం బాణలి ముందే కూర్చుని ఉంది. పొగ కళ్లలోకి వస్తోంది. "పరాగ్గా ఉన్నాను," అంది.

అతను షాపుకి వెళ్లిపోయాక ఇంగువ డబ్బా తీసి మొహానికి ఆనించుకుంది. ఏమీ లేదు. కాఫీపొడి, హారతి కర్పూరం, తలకి రాసుకునే నూనె, చివరికి కిరసనాయిలు సీసా. అన్నిట్లోంచీ ఒకే గాలి వచ్చింది, ఉత్తి గాలి. నూకరత్నం పీట మీద కూర్చుని ఏడ్చింది. తను పెట్టుకున్న ఆవకాయ జాడీ మూత తీసి మళ్లీ చూసి, మళ్లీ ఏడ్చింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే డాక్టరమ్మ గడువు పెంచమని అడుగుతుంది, వాళ్లు పెంచరు, మిల్లు మూతపడుతుంది. అది ఒక కారణం. రెండోది ఆమె తనలో తను కూడా గట్టిగా అనుకోలేదు. ముక్కు లేకపోతే ఆ నిచ్చెన మీద తనకేం పని? అందుకని కళ్లతో నెట్టుకొచ్చింది. నురగ సన్నగా ఉంటే ఒకలా, బుడగలు పెద్దవైతే ఒకలా, ఊదారంగు పలచబడితే ఇంకొకలా వాసన పేర్లు చెప్పేది. పధ్నాలుగు నెలల అనుభవం ఊరికే పోతుందా? నాలుగు వారాలు చెప్పినవన్నీ నిజమయ్యాయి.

*

ఆషాఢంలో ఒక శనివారం పొద్దున్న పరీక్ష మొదలైంది. ఇద్దరు అధికారులు కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు. గొట్టాలు పనిచేస్తున్నాయనడానికి గుర్తుగా పదహారు పెనాలకిందా గ్యాసే మండాలి, కాలవలోకి శుభ్రమైన నీళ్లే వెళ్లాలి, సోమవారం సాయంత్రందాకా ఏదీ ఆగకూడదు.

నూకరత్నం నిచ్చెన దిగింది. "ఎలా ఉందండీ?" అని హైమవతి అడిగింది.

"నానేసిన పప్పండి. ఆరూనూ."

పదకొండింటికి గ్యాసు తగ్గడం మొదలైంది. ఒంటిగంటకి సగానికి పడింది. అధికారుల్లో పెద్దాయన లేచి మీటరు చూసి, కాగితం మీద ఏదో రాసుకుని మళ్లీ కూర్చున్నాడు. హైమవతి కూడా మీటరు చూసి నూకరత్నం వైపు తిరిగింది.

"మీరు బావుందన్నారంటే గొట్టాల్లో తేడా లేదు. అయితే ఎక్కడో లీకవుతోంది," అంది. సబ్బునీళ్ల గిన్నె పట్టుకుని పైపుల వెంట మోకాళ్లమీద బయల్దేరింది. అతుకు అతుక్కీ సబ్బు రాసి బుడగలొస్తాయేమోనని చూస్తోంది. నల్ల సంచి ఒక పక్కకి ఒరగడం మొదలుపెట్టింది. నాలుగు గంటలు అలా గడిచాయి. ఆవిడ మోకాళ్లు చీరుకుపోయి చీరకి రక్తం అంటింది.

నూకరత్నం ఇంక చూడలేకపోయింది.

"లేవండమ్మా. లీకేం లేదండి. నాకు ముక్కు లేదండి."

హైమవతికి అర్థం కాలేదు.

"ముక్కు పోయిందండి, ఆయ్. నాలుగు వారాలైంది. నురగ చూసి చెప్తన్నాను. పొద్దున నేను చెప్పింది అబద్ధమండి. మీరు నమ్మి ఇలా దేకుతుంటే నా వల్ల కావట్లేదండి."

హైమవతి సబ్బుగిన్నె కింద పెట్టింది. కోప్పడుతుందని నూకరత్నం కాచుకుని నిలబడింది. ఆవిడ కోప్పడలేదు. పెట్టెలో పడి ఉన్న తొడుగు వైపు చూసింది, చూసి రెండుచేతులతో మొహం కప్పుకుంది.

"ఏడుపులు తర్వాతండి," అంది నూకరత్నం. "ముందు ఇదేంటో చూద్దాం పదండి. ముక్కు లేదు గానీ కళ్లున్నాయి కదా."

*

పులుపు సరిగ్గానే ఉంది, వేడి సరిగ్గానే ఉంది. గొట్టాల్లో తప్పు లేదంటే గొట్టాల్లోకి వెళ్లేదాంట్లో ఉండాలి. నూకరత్నం మురుగునీళ్లు చేరే నేలతొట్టి దగ్గరికి వెళ్లింది. మూతబండ మీద తాజాగా కుంకుమబొట్లు పెట్టి ఉన్నాయి. పక్కన బోర్లించిన ఇత్తడి గంగాళం, దాని అంచంతా పచ్చగా ఉంది.

"మంగతాయారూ!" అని ఒక్క కేక వేసింది.

మంగతాయారు పెనాల దగ్గర పెద్దమనిషి, నూకరత్నానికి వరసకి వదిన. నవ్వుతూ వచ్చింది.

"నిన్న నువ్వు తీరిక లేకుండా ఉన్నావని పిలవలేదు, వదినా. ఆషాఢ శుక్కురారం కదా, ఏటా పిండితొట్లకి పసుపునీళ్లు చల్లుతాం. ఈసారి మిల్లు నిలబడాలని ఈ తొట్టికీ మొక్కుకున్నాం. అందరం ఇంటికో గుప్పెడు పసుపు తెచ్చుకున్నాం. నూటనలభై గుప్పిళ్లు. గంగాళంలో కలిపి పోసేశాం. ఆ తల్లి చూసుకుంటది."

హైమవతి గంగాళం అంచుమీద వేలు రాసి చూసింది. దెబ్బ తగిలితే ఆడవాళ్లు పసుపు ఎందుకు అద్దుతారు? పుండులో క్రిములు చావడానికి. అలాంటిది నూటనలభై గుప్పిళ్లు! మురుగునీళ్లు ఎప్పుడూ గోధుమరంగే కాబట్టి పచ్చదనం ఎవరి కంటా పడలేదు. పడకపోయినా, ముక్కుంటే వాసనకి పట్టుబడేది. నిన్న సాయంత్రం నూకరత్నం ఆ తొట్టి పక్కనుంచే రెండుసార్లు నడిచింది.

సంగతి చెప్పగానే మంగతాయారు నెత్తి కొట్టుకుంది. "నా చేతులు పడిపోను! నూటనలభై కొంపలు ముంచేశానే!"

"ఊరుకో. నువ్వు చేసింది దేవుడి పని. దొంగపని చేసింది నేను. నీ సున్నం డబ్బీ ఇలా ఇయ్యి," అంది నూకరత్నం.

తాంబూలానికి దాచుకున్న సున్నం. ఒక గ్లాసులో నేలతొట్టి నీళ్లు పట్టి, అందులో సున్నం కలిపింది. నీళ్లు ఎర్రబడ్డాయి, పెళ్లికూతురు కాళ్లకి పెట్టే పారాణి రంగు. ఒక్కో గొట్టం అడుగునుంచీ గ్లాసెడు పట్టి వరసగా పెట్టింది. నాలుగు ఎర్రబడ్డాయి, రెండు బడలేదు.

"నాలుగింటికి పాకిందండి. రెండు బానే ఉన్నాయండి."

హైమవతి ఆ గ్లాసుల వంక చూసింది. ప్రయోగశాలకి పంపితే సోమవారానికిగానీ తేలని విషయం. "పసుపు ఉందని తెలిసింది. తియ్యడం ఎలా? నీళ్లు పారబోస్తే బాక్టీరియా అంతా పోతుంది. మళ్లీ పెంచడానికి నెల పడుతుంది."

"పిప్పికి పట్టించాలండి," అంది నూకరత్నం. "నేను పన్లో చేరిన కొత్తలో ఎవరిదో పసుపుబట్టల మూట పాలతొట్లో పడిందండి. తొట్టంతా పచ్చనైపోయింది. అప్పుడు మా పెద్దావిడ ఆ పాలని పిప్పిలోంచి మూడుసార్లు వడగట్టించింది. పసుపంతా పిప్పికే అంటుకుంది, పాలు తెల్లగా దిగాయి. పసుపుకి నీళ్లంటే ఇష్టముండదండి. పట్టుకోడానికి ఏదన్నా దొరికితే అంటుకుపోద్ది."

నిజమే. హైమవతి పుస్తకాల్లో అదే ఉంది, ఇంకా పెద్ద మాటల్లో. ఆవిడ కళ్లు వెలిగాయి. "గాలి మాత్రం తగలకూడదు. గాలి తగిలితే అత్త చచ్చిపోతుంది."

"మూతల డ్రమ్ములున్నాయి కదండీ."

తర్వాత ఆ ఆవరణలో జరిగింది చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నూటనలభైమంది ఆడవాళ్లు చీరలు ఎగదోపి, పిప్పికుప్ప దగ్గర్నుంచి గొట్టాల దాకా వరసకట్టారు. గంపలు చేతులు మారుతున్నాయి. ఇరవై డ్రమ్ముల్లో పిప్పి కూరి, కాళ్లతో తొక్కి, మూతలు బిగించారు. జోగిరాజు గారు చొక్కా విప్పేసి పైపులు మోశారు. నల్ల సంచిలోంచి కాస్త గ్యాసు వదిలి డ్రమ్ముల్లో గాలిని తరిమేశాక, హైమవతి పంపు ఆన్ చేసింది. నేలతొట్టిలో నీళ్లూ, గొట్టాల్లో నీళ్లూ డ్రమ్ముల్లోకి దిగి, పిప్పిలోంచి వడిసి, మళ్లీ గొట్టాల్లోకి ఎక్కసాగాయి. పిప్పి పచ్చబడగానే డ్రమ్ము మార్చడం, గ్లాసు పట్టి సున్నం వెయ్యడం. ఎరుపు. మళ్లీ ఎరుపు. కాస్త తగ్గిన ఎరుపు. పెద్ద అధికారి కుర్చీ వదిలి, కాసేపటికి గంప అందుకునే వరసలో నిలబడ్డాడు. ఎవరూ రమ్మనలేదు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నూకరత్నం నాలుగు గ్లాసుల్లో సున్నం వేసింది. నాలుగూ తెల్లగానే ఉన్నాయి. అప్పటికి నల్ల సంచి నేలకి అంటుకుపోయింది. పెనాలకింద ఇంకో గంటకి సరిపడా గ్యాసు ఉంది.

అందరూ గొట్టాల చుట్టూ చేరారు. నూకరత్నం నిచ్చెన ఎక్కి, గాజుకి చెంప ఆనించి కూర్చుంది. ఎండ ఎక్కింది. పై వాటాలో ఊదారంగు చిక్కబడుతున్నట్టు అనిపించింది, భ్రమేమోననుకుంది. అప్పుడు అడుగునుంచి ఒక బుడగ లేచింది, దాని వెనక ఇంకోటి. చూస్తుండగా సన్నటి నురగ గాజు పొడుగునా పాకింది.

"అమ్మా! కోడలు లేచిందండి!" అని అరిచింది.

గ్యాసు మీటరు ముల్లు కదిలింది. మధ్యాహ్నానికి మామూలు స్థాయికి చేరింది. అక్కడ ఆగాలి. ఆగలేదు. సాయంత్రానికి మామూలుకంటే రెట్టింపు, సోమవారం పొద్దుటికి మూడురెట్లు. హైమవతి మీటరు పాడైందనుకుని మార్చి చూసింది. ఆ తర్వాత గొట్టం అడుగునుంచి చెంచాడు నీళ్లు తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి, పడీపడీ నవ్వింది. డ్రమ్ముల అడుగున వడపోతకి కట్టిన గుడ్డ ఎక్కడో చిరిగి, పిప్పి నూగు గొట్టాల్లోకి కొట్టుకొచ్చింది. ఒక్కో పీచుమీదా తెల్లవి, ఊదావి, పక్కపక్కన అతుక్కుని ఉన్నాయి.

"ఇన్నాళ్లూ వీటిని నీళ్లలో గాలికి వదిలేశాను. వీటికి కావలసింది ఇల్లు. తొమ్మిదేళ్లలో నాకు తట్టలేదు!" అంది.

"మరేనండి. కాపురం పెట్టించి కొంప చూపించకపోతే కొట్టుకోరాండీ?" అంది మంగతాయారు. అప్పటికి ఆవిడకి మళ్లీ నోరు లేచింది.

సోమవారం సాయంత్రం పెద్ద అధికారి పెనాల షెడ్డులోకి వచ్చి వంగి చూశాడు. పదహారు పెనాలమీద సగ్గుబియ్యం చిటపటలాడుతోంది, కింద మాత్రం ఏమీ కనబడటం లేదు.

"మంట ఏదమ్మా?"

"ఈ గ్యాసు మంట పగలు కంటికి ఆనదండి. చెయ్యి పెట్టి చూడండి, తెలుత్తది," అంది మంగతాయారు.

ఆయన చెయ్యి పెట్టలేదు. కాలవ దగ్గరికి వెళ్లి, మిల్లు వదిలిన నీళ్లు గాజు సీసాలో పట్టి వెలుతురుకి ఎత్తి చూశాడు. అవతలి కొబ్బరిచెట్లు స్పష్టంగా కనబడ్డాయి. కాగితం తీసి సంతకం చేశాడు. మిల్లు ఆవరణలో లేచిన కేకలకి కాలవగట్టున మేస్తున్న గేదెలు తాళ్లు తెంపుకున్నాయి. మంగతాయారు నూకరత్నాన్ని ఎత్తబోయింది, ఇద్దరూ కలిసి పిప్పికుప్పమీద పడ్డారు. నల్ల సంచి బిగుసుకుపోయి, చాలక, జోగిరాజు గారు ఇంకో సంచికి ఆర్డరిచ్చారు.

*

కాకినాడలో ముక్కు డాక్టరు దీపం వేసి చూశాడు. లోపలి నరాలు కాలిపోయాయనీ, కొద్దిగా తిరిగి రావచ్చనీ, రాకపోవచ్చనీ చెప్పాడు. రాకపోవచ్చు అన్న మాట రెండుసార్లు చెప్పాడు.

బయట బల్లమీద హైమవతి తలొంచుకుని కూర్చుంది. "తొడుగు కట్టుకోకుండా మీరు నిచ్చెనెక్కుతుంటే నేను చూశాను. ఆపితే ప్రయోగం ఆగిపోతుందని ఆపలేదు. ఈ తప్పు నాది."

"నేను దాచానుగా," అంది నూకరత్నం.

"మీరు దాచింది నాలుగు వారాలు. నేను చూసీ ఊరుకున్నది ఏడాది."

నూకరత్నం కాదనలేదు. కాదని అబద్ధమాడి ఓదార్చే ఓపిక ఆ రోజు ఆమెకి లేదు. కాసేపటికి ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. మంచి మనిషి, చెడ్డపని చేసింది. రెండూ నిజమే. 

హైమవతి ఆ ఏడాది రాసిన పరిశోధనా వ్యాసం మొదటి పేజీలోనే, ఏమీ దాచకుండా, ఆ సంగతి రాసింది. రచయితల పేర్లలో తన పేరు పక్కన నూకరత్నం పేరు పెట్టింది. గొట్టాల పైమూతలు శాశ్వతంగా మూయించింది. ఇప్పుడు నీళ్లు చిన్న సీసాల్లోకి తీసి, బాగా పలచన చేసి, ఎనిమిదిమంది ఆడవాళ్లు వంతులవారీగా వాసన చూస్తారు, ఒక్కొక్కరూ వారానికి ఒక్కరోజే. వాళ్లకి పాఠం చెప్పేది నూకరత్నం. మరో పదకొండు మిల్లులనుంచి మనుషులు నేర్చుకోడానికి వస్తున్నారు. ఆమె కుర్చీలో కూర్చుని చెబుతుంది, వాళ్లు రాసుకుంటారు.

ఇంట్లో వంట సంగతి వేరు. ఉప్పూ కారం తెలుస్తాయి, అంతే. సూరిబాబు రోజూ రుచి చూసి, "ఇంకాస్త ఇంగువెయ్యి," అని చెప్తాడు. అన్నేళ్లలో అతను వంటింట్లోకి అంతగా రావడం అదే మొదలు. ఒక్కోసారి అర్థంలేకుండా కోపం వస్తుంది ఆమెకి, గిన్నె విసిరేస్తుంది. అతను ఏరి కడిగి పెడతాడు.

పరీక్ష ముగిసిన మరుసటి నెల, శ్రావణంలో ఒక సాయంత్రం, పని దిగాక, నూకరత్నం కాలవవీధిలోంచి ఇంటికి బయల్దేరింది. వీధి మధ్యలో రిటైరైన హెడ్మాస్టరు గారి ఇల్లుంది. ఆయన భార్య కామాక్షమ్మ గారు. మిల్లు మీద పెట్టిన అర్జీలో మొదటి సంతకం ఆవిడదే. ఆవిడ గుమ్మం బయట, కాలవకి మూడడుగుల దూరంలో, చాప పరుచుకుని కూర్చుంది. కంచంలో పప్పన్నం కలిపి మనవరాలికి ముద్దలు పెడుతోంది.

నూకరత్నం కాళ్లు ఆగిపోయాయి. ఇరవైఏడేళ్లుగా ఆ దారిన నడుస్తోంది. ఆ కాలవ పక్కన కూర్చుని అన్నం తినే మనిషిని చూడలేదు.

"ఏమే రత్నం, అలా నిలబడిపోయావు?"

"ఇక్కడ కూర్చుని తింటన్నారేంటండీ?"

"లోపల ఉక్కే. ఇక్కడైతే చల్లగాలి వస్తోంది."

"కాలవ వాసన రాట్లేదాండీ?"

కామాక్షమ్మ గారు ముక్కు ఎగబీల్చి చూసింది. ఆవిణ్ణి చూసి పిల్ల కూడా ఎగబీల్చింది. ఇద్దరూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.

"ఏ వాసనే?" అంది కామాక్షమ్మ గారు.

నూకరత్నం గుండెలనిండా ఊపిరి పీల్చింది. ఏమీ రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాంతోపాటే నవ్వూ వచ్చింది, ఆపుకోలేనంత నవ్వు.

"అయితే ఈ వీధిలో మీకూ నాకూ ఏం తేడా లేదన్నమాటండి, ఆయ్," అని చెప్పులు విడిచి, చాప చివర కూర్చుంది.